జివ్వుమనే పళ్లు, తెల్లబడాలనే తొందర

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మొన్నో వీడియో తిరిగింది. అరచెక్క నిమ్మకాయ, చెంచాడు వంట సోడా, బుసబుసా నురగ. ఆ నురగని వేలితో పళ్లకి పట్టించి కాసేపాగి కడిగేస్తే మల్లెమొగ్గల్లాంటి పలువరస. కింద మా పెద్దవాళ్ల దండాలు, బొటనవేళ్లు. సాయంత్రం హైదరాబాదు నుంచి అక్క కూతురు ఫోన్ చేసింది. ఎంగేజ్‌మెంట్ దగ్గర పడుతోంది, ఫొటోల టెన్షన్. "పిన్నీ, నాకసలే చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటాయి కదా. డాక్టర్ దగ్గర పూసే కెమికల్స్ కంటే ఇదే నయమేమో. అన్నీ వంటింట్లోవేగా!" అంది.

నేను పళ్ల డాక్టర్ని కాను. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకుని బతుకుతున్నదాన్ని. ఆ "వంటింట్లోవేగా" అన్న మాట దగ్గరే నాకు పేచీ. పళ్లు సున్నితంగా ఉన్నవాళ్లు భయపడాల్సింది ఎక్కువగా మనం సహజం అని పిలుచుకునే వాటికే. కెమికల్ అని దూరం పెట్టేదాన్ని తక్కువ మోతాదులో, ఓపిగ్గా వాడితే ఆ పళ్లు దాన్నే మేలుగా తట్టుకుంటాయి. ఈ రెండింటికన్నా ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. దాని మీద ఎవరూ వీడియో చేయరు, ఎందుకంటే అందులో నురగ రాదు.

ఆ నురగలో ఏముంది

పీహెచ్ అంటే ఆమ్లానికి కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నిమ్మరసం పీహెచ్ 2కీ 3కీ మధ్య ఉంటుంది. పంటి పైపొర, అంటే ఎనామెల్, నోట్లో పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగితే కరగడం మొదలవుతుంది. మూడు మెట్లే కదా తేడా అనుకుంటారు. మా పిల్లలు పరీక్షలో మార్కులు పోగొట్టుకునేదీ ఇక్కడే. పీహెచ్‌లో ఒక్కో మెట్టు దిగితే ఆమ్లం పదింతలవుతుంది, మూడు మెట్లంటే వెయ్యి రెట్లు. చిగురు జారి వేరు బయటపడ్డ చోటైతే అసలు ఎనామెల్ కవచమే ఉండదు. అక్కడ పీహెచ్ 6 పైన ఉండగానే కరుగుడు మొదలు. పళ్లు జివ్వుమనేవాళ్లలో చాలామందికి బయటపడి ఉండేది సరిగ్గా ఆ భాగమే.

మరి సోడా ఆ ఆమ్లాన్ని చంపేస్తుంది కదా అని మా కెమిస్ట్రీ పిల్లలే అడుగుతారు. చంపుతుంది, సరిపడా వేస్తే. అప్పుడు గిన్నెలో మిగిలేది సోడియం సిట్రేటూ, కాస్త సోడా. అంటే నిమ్మకాయ దండగయినట్టే, పని చేస్తున్నదంతా సోడాయే. సోడా తక్కువైతే ఆమ్లం అలాగే మిగులుతుంది, అది పళ్ల మీద కూర్చుంటుంది. వంటింట్లో ఎవరు కొలిచి వేస్తారు? వీడియోలో అందర్నీ మురిపించిన ఆ నురగ ఉత్త కార్బన్ డయాక్సైడ్, గోళీసోడా పొంగులో ఉండేదే. దానికీ పళ్లు తెల్లబడటానికీ ఏ సంబంధమూ లేదు.

వట్టి వంట సోడా మీద నాకు ఫిర్యాదు లేదు. మెత్తని పొడి, ఆమ్లం కాదు, టూత్‌పేస్టుల్లో వాడే చాలా రాపిడి పదార్థాలకంటే నెమ్మది. పైపైన పట్టిన టీ మరకల్ని కొంచెం లాగుతుంది. అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. దాంట్లో ఫ్లోరైడ్ ఉండదు కాబట్టి పేస్టు మానేసి దాన్నే నమ్ముకోకూడదు.

"నిమ్మకాయతో నిజంగానే తెల్లబడ్డాయి, నేను చూశాను" అని గ్రూపులో మా వదిన వాదించింది. అబద్ధం కాదు. పైపొర కరిగిపోతే దానితోపాటు మరక కూడా పోతుంది. గోడకి సున్నం గీకేస్తే గోడ మీది మరక పోయినట్టు. ఆ గీకుడు తర్వాత కథే అసలు బెడద. గరుకైన పన్ను ఇదివరకటికంటే తొందరగా కాఫీ రంగు పట్టుకుంటుంది. పైగా ఎనామెల్ కాస్త పారదర్శకంగా ఉంటుంది, దాని కింద ఉండే డెంటిన్ పొర పుట్టుకతోనే పసుపు. పైది పలచబడేకొద్దీ లోపలి పసుపు బయటికి కనిపిస్తుంది. తెలుపు కోసం నిమ్మకాయ రుద్దుకునేవాళ్లు కొన్నేళ్లకి పసుపు పళ్లతో తేలడానికి కారణం ఇదే. పోయిన ఎనామెల్ తిరిగి రాదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికే పోయి ఉంటాయి. లాలాజలం మెత్తబడిన చోట కొంత ఖనిజాన్ని తిరిగి చేర్చగలదు గానీ, అరిగిపోయినదాన్ని మళ్లీ కట్టలేదు.

వారాంతంలో అక్క కూతురు మా ఇంటికొచ్చినప్పుడు ఒక గుడ్డు పెంకు ముక్కని గాజు గ్లాసులో నిమ్మరసంలో వేసి చూపించాను. వేసిన క్షణం నుంచి సన్నటి బుడగలు పెంకుని పట్టుకుని వేలాడాయి, ఒక్కోటీ విడివడి పైకి తేలింది. మర్నాడు పొద్దున్న తీసి బొటనవేలితో రాస్తే పెంకు అంచు సుద్దలా వేలికి అంటింది. అది చూసి తను ఏమీ తగ్గలేదు. "పన్ను గుడ్డు పెంకు కాదు కదా పిన్నీ" అంది. నిజమే. పెంకు కాల్షియం కార్బొనేట్, పన్ను హైడ్రాక్సీఅపటైట్. మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం అది, ఇంత సులువుగా లొంగదు. నేను చూపించిందాంట్లో కాస్త నాటకం ఉంది, ఒప్పుకోవాల్సిందే. కానీ కరిగే దారి రెండింటికీ ఒకటే, వేగంలోనే తేడా. పైగా గ్లాసులో పెంకుని ఎవరూ రుద్దలేదు. ఆమ్లంతో మెత్తబడిన పన్ను మీద మనం బ్రష్ కూడా ఆడిస్తాం.

మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. తను రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ, తేనె కలుపుకుని కొంచెం కొంచెంగా చప్పరిస్తూ తాగుతుంది. వెంటనే పళ్లు తోముకుంటుంది. ఆ అలవాటు ఉన్నవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు! మానలేకపోతే గడగడా తాగేసి, మంచినీళ్లు పుక్కిలించి, ఓ అరగంట ఆగి బ్రష్ పట్టుకోవడం మేలు. అంతకంటే, తోముకున్నాకే తాగడం నయం.

పొడులు, పుల్లలు, పెద్దవాళ్లు

నిమ్మకాయ తర్వాత వంతు బొగ్గుది. మా అమ్మమ్మ కచ్చికతో తోముకునేది, ఆమె అత్తగారు ఇటుక పొడితో. ఇప్పుడు అదే నల్లపొడి గాజు సీసాలో, "యాక్టివేటెడ్" అన్న బిరుదుతో, నాలుగు వందలు పెట్టి కొంటున్నాం. బొగ్గు విషాన్ని పీల్చేస్తుంది అన్నది ఆసుపత్రిలో కడుపులో పోసేటప్పటి మాట. నోట్లో దాని పని రాపిడి ఒక్కటే. బొగ్గు పళ్లని తెల్లగా, సురక్షితంగా చేస్తుందని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. పొడి ఎంత నూరింది అనేదాన్ని బట్టి రాపిడి ఒక్కో సీసాకి ఒక్కోలా ఉంటుంది, కొనేవాళ్లకి తెలిసే దారి లేదు.

ఇక్కడ నాకు బలంగా ఎదురయ్యే మాట: "మా తాత ఎనభై ఏళ్లకీ చెరుకు నమిలాడు. ఆయనకి ఏ పేస్టూ తెలీదు, వేప పుల్లే." ఈ మాటని తేలిగ్గా తీసిపారేయలేను. వేప పుల్ల, ఉత్తరేణి, కానుగ పుల్ల నమిలి కుంచె చేసుకుని నెమ్మదిగా తోమితే అది మంచి బ్రష్షే. తాతలు రోజూ ఆరుసార్లు టీ తాగలేదు, కూల్ డ్రింకులు ఎరగరు, చక్కెర అపురూపం. అయితే మనం గుర్తుపెట్టుకునేది పళ్లు నిలిచిన తాతనే. నలభై ఏళ్లకే బోసినోటితో అన్నం పిసికించుకుని తిన్న తాతలూ అదే ఊళ్లో, అదే పుల్లలతో ఉండేవాళ్లు. ఇటుక పొడి వాడిన మా ముత్తవ్వ దవడ పళ్లు గట్టిగానే ఉండేవట, కానీ పైభాగం అరిగి బల్లపరుపుగా, రంగు పండిన అరటిపండు తొక్కలా. గట్టిదనం వేరు, తెలుపు వేరు. ఆ రెంటినీ కలిపి మాట్లాడటం వల్లే ఈ వాదన ఎప్పటికీ తెగదు.

పసుపు, అరటి తొక్క, స్ట్రాబెర్రీ, నువ్వుల నూనె పుక్కిలింత గురించి కూడా అడిగారు. నూనె పుక్కిలిస్తే నోరు హాయిగా ఉంటుందేమో, రంగు మాత్రం మారదు. పసుపు బట్టకి అంటితేనే వదలదు, పంటికి రాసి తెలుపు కోరడం ఏమిటో! స్ట్రాబెర్రీ నిమ్మకాయకి చిన్న చెల్లెలు.

ముందు జివ్వు సంగతి

ఎవరూ వీడియో చేయని పని ఇదే. పళ్లు ఎందుకు జివ్వుమంటున్నాయో తెలుసుకోకుండా ఏ తెల్లమందూ పెట్టకూడదు.

డెంటిన్ పొర నిండా కంటికి కనిపించని సన్నటి గొట్టాలుంటాయి, చదరపు మిల్లీమీటరులో వేలకొద్దీ. వాటిలో ద్రవం ఉంటుంది. వాటి లోపలి కొస పంటి నరం దగ్గర తేలుతుంది. పైకొస మూసుకుని ఉన్నంతకాలం మనకి ఏమీ తెలీదు. ఎనామెల్ అరిగో, చిగురు జారో ఆ కొసలు తెరుచుకుంటే చల్లనీళ్లు, ఐస్‌క్రీమ్, చలిగాలి తగిలిన ప్రతిసారీ లోపలి ద్రవం కదులుతుంది, నరం ఉలిక్కిపడుతుంది. స్వీడన్‌కి చెందిన దంత పరిశోధకుడు బ్రాన్‌స్ట్రోమ్ 1960ల్లో దీన్ని ప్రయోగాలతో వివరించాడు. ఇప్పటికీ డాక్టర్లు నమ్మేది ఆ వివరణనే.

ఆ తెరుచుకోవడానికి కారణాలు చాలా. పుచ్చు కావచ్చు, పన్ను చీలి ఉండొచ్చు, పాత సిమెంటు పక్కన సందు పడి ఉండొచ్చు. రాత్రిళ్లు పళ్లు కొరకడం, కడుపులోంచి పులితేన్పులు ఎగదన్నడం కూడా ఉన్నాయి. మా అక్క కూతురి విషయంలో పైన ఎడమవైపు, కోరపన్నూ దాని పక్కదీ చిగురుని ఆనుకున్న చోట గాటు పడ్డాయి. గోరు పెట్టి కిందికి లాగితే గోరు ఆ గాట్లో ఆగుతుంది. గొడ్డలితో చెట్టు మొదట్లో ఓ దెబ్బ వేసినట్టుండే ఆ గాటు గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దేవాళ్లకి సాధారణం. కుడిచేతి వాటం వాళ్లకి ఎడమవైపు ఎక్కువ పడుతుంది, ఆ వైపు చేతి బలమంతా పడుతుంది కాబట్టి. "తెల్లగా ఉండాలనే గట్టిగా తోముతున్నా" అంది. పళ్ల డాక్టరుకి చూపించడానికి వెళ్తే, డాక్టరమ్మ ఆ గాట్ల మీద చిన్న గొట్టంతో గాలి ఊదగానే కుర్చీలోంచి లేచినంత పని చేసింది. ఆ గాట్ల మీద నిమ్మరసం పోసుకుని ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పనక్కర్లేదు. డాక్టర్లు తెల్లబరచడానికి వాడే పెరాక్సైడ్ పెట్టినా అంతే.

గాట్లకి సిమెంటు పెట్టించుకుంది. ఇంకో కబురు: కింది ముందరి పళ్ల వెనక గార పేరుకుని ఉంది, క్లీనింగ్ చేయించుకోమన్నారు. ఫోన్లో ఇది వినగానే మా అక్క ఠారెత్తింది. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి, పెళ్లి ముందు ఇదేం పని!" మన వైపు ఈ నమ్మకం ఎంత లోతుగా ఉందో! గార రాయిలా గట్టిపడి పంటికీ చిగురుకీ మధ్య దూరి చిగురుని కిందికి నెడుతుంది. ఏళ్లతరబడి పట్టిన గారని తీసేస్తే పళ్ల మధ్య ఖాళీ నాలుకకి తెలుస్తుంది, ఇన్నాళ్లూ గార కింద దాక్కున్న వేరుకి గాలి తగిలి కొన్నాళ్లు జివ్వుమంటుంది. వదులయ్యింది క్లీనింగ్ వల్ల కాదు, అంతకుముందే ఎముక తగ్గడం వల్ల. గార ఆ సంగతిని కప్పిపెట్టింది, అంతే. అక్క భయంలో మాత్రం ఒక నిజం ఉంది: క్లీనింగ్ అయిన వెంటనే, ఆ జివ్వు తగ్గకముందే తెల్లమందు పెట్టించుకోవడం తెలివైన పని కాదు. ఒకే సిట్టింగులో రెండూ చేసేస్తాం అని ఆఫర్ ఇచ్చే చోట్లున్నాయి. పళ్లు సున్నితంగా ఉన్నవాళ్లు ఆ ఆఫర్‌కి దండం పెట్టడం మంచిది.

క్లీనింగ్‌తోనే టీ మరకలు, వక్కాకు మరకలు, క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ చాలాకాలం వాడితే వచ్చే గోధుమరంగు పోతాయి. అంటే చాలామందికి కావాల్సిన తెలుపులో సగం అక్కడే వచ్చేస్తుంది, ఏ పెరాక్సైడూ లేకుండా. మిగిలేది పంటి సొంత రంగు. దాన్ని మార్చాలా వద్దా అన్నది తర్వాతి మాట.

పెరాక్సైడ్‌కి నా ఓటు, షరతులతో

అమెరికాలోని ఆర్కన్సాలో బిల్ క్లుస్మియర్ అనే పళ్లు సరిచేసే డాక్టరు 1960ల చివర్లో చిగుళ్ల వాపు తగ్గడానికి ఒక రోగికి నోట్లో పెట్టుకునే ట్రేలో యాంటిసెప్టిక్ పోసి రాత్రంతా ఉంచుకోమన్నాడు. చిగుళ్లు బాగయ్యాయి, పళ్లు తెల్లబడ్డాయి. ఆ యాంటిసెప్టిక్‌లో ఉన్నది 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు దాన్ని పద్ధతిగా రాసి ప్రచురించారు. ఇవాళ ఇంట్లో ట్రేతో చేసుకునే తెల్లబరచడానికి మూలం అదే.

ఇందులో కెమికల్ అంటూ బెదిరిపోవాల్సింది ఏముంది? కార్బమైడ్ అంటే మన పొలాల్లో చల్లే యూరియాయే. 10 శాతం జెల్ నోట్లో విడిపోతే వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు మూడున్నర శాతం, పుండు కడగడానికి మందుల షాపులో ఇచ్చే దానికి దగ్గర. అలాగని ఆ సీసా కొనుక్కొచ్చి పుక్కిలించమని కాదు నా అర్థం. అది నిలకడగా పంటి మీద ఉండదు, చిగుళ్లని మాత్రం మండిస్తుంది. పెరాక్సైడ్ ఎనామెల్‌ని గీకదు. దాంట్లోంచి లోపలికి ఇంకి, రంగున్న పెద్ద అణువుల్ని విరగ్గొడుతుంది, అవి రంగు కోల్పోతాయి. ఇంతవరకూ చెప్పుకున్నవాటిలో కరిగించడం, అరగదీయడం కాకుండా పంటి సొంత రంగుని మార్చేది ఇదొక్కటే. నా ఓటు అందుకే.

ఇంకడమే దీని బలం, ఇంకడమే దీని బాధ కూడా. నిమిషాల్లో ఎనామెల్ దాటి, డెంటిన్ దాటి నరం గది దాకా వెళ్తుంది. మామూలు పళ్లవాళ్లకి కూడా కొన్నాళ్లు జివ్వుమంటాయి. పళ్లు ముందే సున్నితంగా ఉన్నవాళ్లకి ఇంకాస్త. సాధారణంగా ఆపేసిన కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది గానీ, ఆ కొద్ది రోజులు మంచినీళ్లు కూడా గోరువెచ్చగా చేసుకుని తాగాల్సి రావచ్చు. కాబట్టి మోతాదు, సమయం మన చేతిలో ఉండే పద్ధతే మనకి సరిపోతుంది. క్లినిక్‌లో ఒక్క గంటలో 35 శాతం పెరాక్సైడ్ పూసేది మనకి కాదు. నీలం లైట్ పెట్టడం వల్ల చివరికి వచ్చే తెలుపులో పెద్ద తేడా ఉంటుందని నమ్మదగ్గ ఆధారం లేదు. అయిన వెంటనే కనిపించే ఆ ధవళ కాంతిలో కొంత భాగం పన్ను ఎండిపోవడం వల్ల వచ్చేదే. తడి తిరిగి చేరాక ఒకటి రెండు రోజుల్లో కాస్త దిగుతుంది.

యూరోపియన్ యూనియన్‌లో 0.1 శాతం దాటిన పెరాక్సైడ్‌ని షాపులో నేరుగా అమ్మకూడదు. 6 శాతం వరకూ డాక్టరు ద్వారానే, మొదటిసారి ఆయన చేతిలోనే, అదీ 18 ఏళ్లు నిండినవాళ్లకే. 2011లో తెచ్చిన నియమం అది. మన దగ్గర ఆన్‌లైన్‌లో అమ్మే కిట్లలో ఎంత శాతమో అట్ట మీద ఎక్కడా రాయనివి నేనే చూశాను. శాతం రాయనిదాన్ని, అది ఎంత ఆయుర్వేదం అని చెప్పినా, జివ్వుమనే పళ్ల మీద పెట్టకూడదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం.

"అయితే ఇన్ని జాగ్రత్తలున్నదాన్ని మెచ్చుకోవడమేమిటి, మానేస్తే పోలేదా?" అని మా వారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జాగ్రత్తలున్నది దాన్ని ఏళ్లతరబడి పరీక్షించి చూశారు కాబట్టి. నిమ్మకాయ నురగకి జాగ్రత్తలు లేవంటే ప్రమాదం లేదని కాదు, అట్ట లేదు కాబట్టి రాసే చోటు లేదు.

జివ్వు తగ్గించడానికి వాడేది కూడా వినడానికి బెదురు పుట్టించే పేరే: పొటాషియం నైట్రేట్. అచ్చ తెలుగులో సురేకారం, దీపావళి మందుల్లో కూరేది. సెన్సిటివ్ పేస్టుల్లో 5 శాతం ఉంటుంది, ట్యూబు వెనక చూస్తే కనిపిస్తుంది. అది గొట్టాల్లోంచి నరం దాకా వెళ్లి దాని ఉలికిపాటుని తగ్గిస్తుంది. ఒక్క రోజులో జరిగే పని కాదు. తెల్లబరచడం మొదలుపెట్టడానికి రెండు వారాల ముందు నుంచే రోజూ రెండుసార్లు దాంతో తోముకోవాలి. తోమాక నురగ ఉమ్మేస్తే చాలు, చెంబెడు నీళ్లతో పుక్కిలించి మందంతా కడిగేసుకోవడం మన అలవాటు, అది మానుకోవాలి. ట్రే ఉన్నవాళ్లకి ఇంకో ఉపాయం: జెల్‌కి ముందు ఓ పది నిమిషాల నుంచి అరగంట దాకా ఆ మందునే ట్రేలో పెట్టుకోవడం. ఇది డాక్టర్లు చాలాకాలంగా చెప్తున్న పద్ధతే.

పొదిలి వైపు పళ్లు

ఇంతవరకూ చెప్పిందంతా టీ రంగు, వయసు రంగు ఉన్నవాళ్లకి. మా అమ్మ పుట్టిల్లు పొదిలి దగ్గర. ఆ వైపు నా ఈడు వాళ్ల నోళ్లలో రంగు వేరు: ముందరి పళ్ల మీద సుద్దముక్కతో గీసినట్టు అడ్డంగా తెల్లచారలు, వాటి మధ్య గోధుమరంగు మచ్చలు. బోరునీళ్లలో ఫ్లోరైడ్. మనదేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించి 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన బృందం రాసింది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లావే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. నల్లగొండ సంగతి అందరికీ తెలిసిందే.

ఈ మచ్చలు పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే, అంటే చిన్నతనంలోనే, లోపల పడిపోయినవి. బయటి నుంచి ఏ పొడితో రుద్దినా పోవు. మా మేనమామ కొడుకు కాలేజీ రోజుల్లో ఉప్పు, ఇసుక కలిపి రుద్దేవాడు, ఫొటో దిగేటప్పుడు పెదాలు బిగించేవాడు. చిగుళ్లు పోయాయి, మచ్చలు అలాగే ఉన్నాయి. ఇలాంటి పళ్లకి పెరాక్సైడ్ గోధుమరంగుని కొంత తగ్గించగలదు. తెల్లచారల్ని మాత్రం తీయలేదు, పైగా మొదట్లో అవి ఇంకా తెల్లగా ఎగిసి కనిపిస్తాయి. పైపొరని పలచగా చెక్కి మెరుగు పెట్టడం, చారల్లోకి పలచని రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) ఇంకించడం లాంటి పనులు డాక్టరే చేయాలి. ఎనామెల్ బాగా దెబ్బతిని గుంటలు పడ్డ పళ్లయితే పెరాక్సైడ్ జోలికి వెళ్లక్కర్లేదు. "పదిరోజుల్లో ఫ్లోరైడ్ మచ్చలు మాయం" అన్న ప్రకటనలు ఆ ఊళ్ల బస్టాండ్ గోడల మీద ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు ఫోన్లోకి వచ్చాయి. నాకు నిజంగా కోపం వచ్చేది అవి చూసినప్పుడే.

ఫొటో కోసమే అయితే

అమ్మాయికి చివరికి నేనిచ్చిన సలహా ఎంగేజ్‌మెంట్‌కి ముందు తెల్లబరచుకోవద్దనే. సమయం చాలదు. సిమెంటు, క్లీనింగ్, సెన్సిటివ్ పేస్టు వరకూ చాలు అన్నాను. ఆ రోజుకి నీలిఛాయ ఇచ్చే పేస్టు వాడమన్నాను. తెల్లబట్టలకి నీలిమందు పెట్టే ఉపాయమే ఇది. నీలం పలచటి పొరలా పంటి మీద నిలిచి పసుపుని కంటికి మరుగుచేస్తుంది, కొన్ని గంటల్లో పోతుంది. లోపల ఏమీ మారదు కాబట్టి జివ్వూ పెరగదు. "మోసం కదా" అంది నవ్వుతూ. లిప్‌స్టిక్ కూడా అంతే కదా అన్నాను.

అసలు ఇంత తెలుపు ఎందుకన్న అనుమానం నాకు లేకపోలేదు. ఆరోగ్యమైన పన్ను రంగు మీగడ రంగు, కోరపన్ను మిగతావాటికంటే ఒక పిసరు పసుపు. ఫోన్లో ఫిల్టరు పెట్టి చూసుకుని చూసుకుని కాగితం తెలుపే మామూలు అనుకుంటున్నాం. అయినా నోరు మూసుకుని నవ్వే మా మేనమామ కొడుకుని చూస్తూ పెరిగినదాన్ని, రంగు గురించి బాధపడేవాళ్లని "అదంతా మాయ" అని ఊరుకోబెట్టడం నా వల్ల కాదు. పెళ్లయ్యాక తీరిగ్గా ట్రే మొదలుపెడతానంటే, చెయ్యి అనే అంటాను.

ట్రే మొదలుపెట్టేవాళ్లకి

మీ పళ్లకి అచ్చు తీసి చేసిన ట్రే అయితే జెల్ చిగుళ్ల మీదికి పొంగదు. అందరికీ ఒకే కొలతగా అమ్మే ట్రేల్లో ఆ హామీ లేదు. ఒక్కో పంటికి బియ్యపు గింజంత జెల్ చాలు, ఎక్కువైతే తెలుపు ఎక్కువ రాదు, చిగుళ్లు తెల్లబడి మండుతాయి. 10 శాతంతోనే మొదలుపెట్టండి, రాత్రంతా కాకుండా గంటా రెండు గంటలు, అదీ రోజు విడిచి రోజు. ఆలస్యమవుతుంది. బలమైన జెల్ రోజుల్లో చేసేదాన్ని ఇది వారాల్లో చేస్తుంది, చివరికి వచ్చే రంగు మాత్రం ఇంచుమించు అదే. పెట్టించుకున్న క్యాప్, సిమెంటు రంగు మారవు కాబట్టి ముందరి పళ్లలో అలాంటివి ఉంటే చుట్టూ తెల్లబడి అవి మాత్రం మచ్చల్లా మిగులుతాయి, ముందే ఆలోచించుకోవాలి. బయటపడ్డ వేరు భాగం కూడా తెల్లబడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ పని తర్వాతికి వాయిదా వేయడం మంచిది.

జివ్వు మొదలైతే రెండు మూడు రోజులు ఆపి, సెన్సిటివ్ పేస్టు ట్రేలో పెట్టుకుని, తగ్గాక మళ్లీ మొదలుపెట్టొచ్చు. అన్ని పళ్లూ కలిసి అక్కడక్కడా చురుక్కుమని వెంటనే ఊరుకుంటే అది జెల్ పనే. అలాకాకుండా ఒక్క పన్ను మాత్రం, చల్లనీళ్లు మింగేశాక కూడా నిమిషాలకొద్దీ లాగుతున్నా, రాత్రిపూట దానంతటదే సలపరం పెట్టి లేపుతున్నా అది వేరే కేసు. అక్కడ నరం దాకా ఏదో చేరింది. జెల్ మూత బిగించి డాక్టరుకి చూపించాలి. లవంగనూనె అద్దిన దూది ఆ రాత్రికి నిద్ర పట్టిస్తుంది, లోపలి పుచ్చుని మాత్రం ఆపదు.